రెండు చక్రాల యాత్రాచరిత్ర – 7వ భాగము: ద్వారము తెరచు వేళ, మూయు వేళ

1891వ సంవత్సరపు సెప్టెంబరు మాసమున పారిస్ నగరము నుండి బయలుదేరి, ఫ్రాన్సు దేశపు పడమటి కొసన సముద్రము నంటియున్న బ్రెస్ట్ రేవుపట్టణమును తాకి, మరల పారిస్ చేరవలసిన ఆ మహాపరీక్షను ‘ల పెతీ జూర్నాల్’ పత్రికకు చెందిన పియేర్ జిఫార్ ఎట్లు సంకల్పించెనో, గాలి నింపిన కొత్త టైర్లను లోకమునకు చూపవలెనని మిషెలిన్, డన్‌లప్ వర్గములు ఎట్లు పోటీపడెనో, గేంగాం పట్టణమున నిద్రించుచున్న ప్రత్యర్థి జియెల్ లవాల్‌ను షార్ల్ టెరోన్ రాత్రివేళ చడీచప్పుడు లేకుండ దాటిపోయి 71 గంటల 22 నిమిషములలో ఎట్లు గెలిచెనో గత భాగమున చెప్పియుంటిమి. పది సంవత్సరముల తరువాత, 1901లో, మోరిస్ గారాన్ అదే మార్గమును 52 గంటల 11 నిమిషములలో ముగించిన కథతో ఆ భాగము నిలిచినది.

ఆ రెండు పందెములందును తనిఖీ కేంద్రములుండెను. దారిలోని నిర్ణీత పట్టణములలో దిగి, తమ వెంటనున్న పుస్తకమున సంతకమో ముద్రయో వేయించుకొననిదే ఎవ్వరును ముందుకు సాగరాదు. అయితే ఆ ముద్రకు గల ముఖ్యప్రయోజనము సాక్ష్యము మాత్రమే. ఈ మనుష్యుడు రైలెక్కి రాలేదు, అడ్డదారిని పోలేదు, తన కాళ్ల బలముతోనే ఈ ఊరి మీదుగ పోయినాడు అని అది చెప్పెడిది. 1891లో బయలుదేరిన రెండువందల పైచిలుకు మందిలో సుమారు నూరుగురు తిరిగి పారిస్ చేరిరి. వారిలో టెరోన్ వలె నిద్రాహారములు మాని వచ్చినవారు బహుకొద్దిమంది కాగా, తక్కినవారిలో పలువురు రాత్రులందు దారిపక్కనున్న సత్రములలో విశ్రమించుచు, దినముల తరబడి సాగి వచ్చినవారే. గడియారము గెలుపును నిర్ణయించుటకు ఉపకరించినదే గాని, వెనుకబడినవాని మార్గమున అడుగడుగునను ద్వారములు మూయుచు పోలేదు.

మరి నేటి దూరయాత్రికుని జేబులోని కార్డుపైన ప్రతి కేంద్రమునకును ఎదురుగ రెండేసి వేళలు, ఒకటి తెరచునది, మరియొకటి మూయునది, ఎట్లు వచ్చి చేరెను? ఈ భాగమునకు విషయమదియే. చూచుటకు ఇది అంకెల వ్యవహారముగ తోచును గాని, దాని వెనుక రెండు పత్రికల వైరము, ఒక సంఘము చీలిపోవుట, శ్రామికులకు ఆదివారపు తీరిక దొరకుట మొదలైన సంగతులు చాల కలవు.

మొదటి గడియారము సూర్యుడు. 1897 జూన్ 12వ తేదీన ఇటలీ దేశమున కొందరు సైకిలువారు రోమ్ నుండి నేపుల్స్ వరకు గల 230 కిలోమీటర్ల దూరమును పగటి వెలుగు ఉండగనే ముగించవలెనని పూని, ఆ పూనికను నెరవేర్చుకొనిరి. జూన్ మాసమున పగలు దీర్ఘముగ నుండును గనుక ఆ దినమును ఎన్నుకొనుటలో వివేకము కలదు. పగటి వెలుగే హద్దుగ గల ఆ సాహసమునకు ‘ఆడాక్స్’ అను పేరు నిలిచిపోయెను. ఈ యాత్రలో ఒకడు మరియొకనిని ఓడించుట లేదు. అందరును ఒక నియమమునకు లోబడి, ఒక హద్దును మీరక చేరుటయే ఘనత. పోటీ కాకుండనే కఠినమైన పరీక్ష ఉండవచ్చునను ఈ భావము పందెముల వేడిలో మునిగియున్న ఆనాటి సైకిలు లోకమునకు నూతనముగ నుండెను.

ఆ భావమును ఫ్రాన్సునకు తెచ్చినవాడు హెన్రీ దెగ్రాంజ్. పందెములకు పెట్టని కోటవంటి మనుష్యుడు పోటీలేని యాత్రను ప్రోత్సహించుట వింతగ నున్నను, కారణము లేకపోలేదు. జిఫార్ అటు పిమ్మట నడపిన ‘ల వేలో’ పత్రికకు పోటీగ 1900లో ధనికులైన వాహన నిర్మాతల అండతో వెలసిన ‘లోతో వేలో’ పత్రికకు దెగ్రాంజ్ సంపాదకుడు. ఆకుపచ్చ కాగితముపై అచ్చగు పత్రిక జిఫార్‌ది, పసుపుపచ్చ కాగితముపై అచ్చగు పత్రిక దెగ్రాంజ్‌ది. 1903 ఆరంభమున న్యాయస్థానము తీర్పు వలన దెగ్రాంజ్ తన పత్రిక పేరులోని ‘వేలో’ అను మాటను తొలగించుకొని ‘లోతో’గా మిగులవలసి వచ్చెను. పేరులో సైకిలును పోగొట్టుకొన్న పత్రిక సైకిలు ప్రియులను పోగొట్టుకొనకుండ నిలువవలెనన్న ఆరాటమున నుండియే ఆ సంవత్సరము జూలైలో టూర్ ద ఫ్రాన్స్ పుట్టినది; మరుసటి సంవత్సరమున ఫ్రెంచి ఆడాక్స్ యాత్రలు పుట్టినవి. మొదటిది వృత్తి వీరులకు, రెండవది సామాన్యులకు. పత్రిక కొనువారిలో సామాన్యులే గదా అధికసంఖ్యాకులు.

1904 ఏప్రిల్ 3వ తేదీన, అది ఈస్టరు ఆదివారము, పారిస్ నుండి సేన్ నదికి సమీపమందలి గాయోన్ వరకు పోయి తిరిగి వచ్చు 200 కిలోమీటర్ల మొదటి యాత్ర జరిగెను. అందలి పద్ధతిని పాఠకులు కొంత నిదానముగ గమనింపవలెను. యాత్రికులు గుంపుగ బయలుదేరుదురు. ముందు దారినాయకుడుండును. అతని వేగమే అందరి వేగము. అతనిని దాటి ఎవ్వరును ముందుకు పోరాదు. బలవంతుడు తన బలమును అదుపులో పెట్టుకొని బలహీనునికి గాలి అడ్డుగ నిలుచుట ధర్మము. ఎవని టైరైన పగిలినచో తోడివారు చేయి వేయుట ఆచారము. భోజనమెచ్చట, విరామమెంతసేపు, ఏ ఊరు ఏ వేళకు చేరవలెను అన్నవన్నియు ముందుగనే నిర్ణయింపబడి యుండును. కాలక్రమమున ఈ గుంపుయాత్రల వేగము గంటకు 22.5 కిలోమీటర్లని స్థిరపడెను. నేటికిని ఆ సంప్రదాయమును పాటించువారు ఆ వేగముననే పోవుచున్నారు.

ఇట్టి యాత్రలో తనిఖీ కేంద్రపు వేళ ఒక సమస్య కానే కాదు. గుంపు పదిగంటలకు వచ్చునని వ్రాసియున్నచో గుంపు పదిగంటలకు వచ్చును. ముందు వచ్చువాడు లేడు, ఆలస్యముగ వచ్చువాడు లేడు. ఆలస్యమైనవాడు గుంపునుండి జారిపోయినవాడే. కేంద్రము తెరచు వేళయు మూయు వేళయు ఒక్కటే క్షణమున కలిసియుండెనన్నమాట. ఆ క్షణమును రెండుగ చీల్చినది మానవుల తగవు.

ఈ యాత్రలను నిర్వహించుటకై 1904 నవంబరు 30న పారిస్‌లో ఏర్పడిన సంఘము ‘ఆడాక్స్ క్లబ్ పారిసియన్’. పదునారు సంవత్సరములకు పైగ అది దెగ్రాంజ్ నియమములను దెగ్రాంజ్ అనుమతితో నడపెను. నడుమ నాలుగేండ్ల మహాయుద్ధము వచ్చి ఎందరో యువకులను పొట్టన పెట్టుకొనెను. యుద్ధానంతరమున ఈ సంఘము ‘లోతో’కు ప్రత్యర్థియైన మరియొక పత్రిక పోషణలో జరిగిన వృత్తి పందెమునకు సాయపడుటతో దెగ్రాంజ్ ఆగ్రహించి, తన ఆడాక్స్ నియమములను వాడుకొను హక్కును సంఘము నుండి ఉపసంహరించెను. గుంపుయాత్రలనే కొనసాగింపగోరినవారు 1921 జూలై 14న, అనగా ఫ్రెంచివారి జాతీయ పర్వదినమున, వేరు సంఘమును స్థాపించుకొని దెగ్రాంజ్ పక్షమున నిలిచిరి.

పాతసంఘమువారి చేతిలో ఇప్పుడు పేరున్నది, సభ్యులున్నారు; నడుపుటకు నియమము లేదు. ఇట్టి స్థితిలో పెక్కు సంఘములు వ్యాజ్యములకు దిగి వట్టిపోవుట చరిత్రలో కాననగును. వీరు ఆ దారి పట్టక, తమకు నిషేధింపబడినదానికి పూర్తిగ భిన్నమైనదానిని సృష్టించిరి. 1921 సెప్టెంబరు 11, ఆదివారమునాడు, 200 కిలోమీటర్ల స్వేచ్ఛాగతి యాత్ర జరిగెను. దారినాయకుడు లేడు, గుంపు లేదు. ఎవని వేగము వానిది, ఎవని విరామము వానిది. ఒంటరిగ పోవచ్చును, స్నేహితునితో పోవచ్చును, చెట్టునీడన అరగంట పండుకొని లేచి పోవచ్చును.

ఈ మార్పునకు దెగ్రాంజ్ కోపమొక్కటియే కారణమని చెప్పుట చరిత్రను కురచచేయుట యగును. ఫ్రాన్సులో 1906లో వారమునకొక దినము విశ్రాంతినిచ్చు చట్టమును, 1919లో దినమునకు ఎనిమిది గంటల పని చట్టమును వచ్చియుండెను. ఫ్యాక్టరీలో కూతకు లేచి, కూతకు కూర్చుండి, కూతకు ఇల్లు చేరు మనుష్యునికి దొరకిన ఆ కొద్ది తీరికలో కూడ ఒక నాయకుని వెనుక క్రమము తప్పక పోవలెనన్నచో మనసు ఎదురుతిరుగుట సహజము. స్వేచ్ఛాగతికి లభించిన ఆదరణ వెనుక ఈ సాంఘిక కారణమును చూడకపోవుట తగదని నా నిశ్చితాభిప్రాయము.

స్వేచ్ఛ వచ్చినంతనే నిర్వాహకులకు చిక్కు వచ్చిపడెను. ఒకేవేళ బయలుదేరిన వందమంది నూరవ కిలోమీటరు వద్దకు వందవేళలలో వత్తురు. ముద్ర వేయువాడు ఎప్పుడు వచ్చి కూర్చుండవలెను? ఎప్పుడు లేచి పోవలెను? అతడు జీతగాడు కాడు. తానును సైకిలు తొక్కువాడే, తోడివారి కొరకు తన ఆదివారమును, ఒక్కొక్కప్పుడు తన నిద్రను ధారపోసినవాడు. అంతకంటె లోతైన చిక్కు మరియొకటి కలదు. నాయకుడు లేని యాత్రలో బలవంతులు పరుగు మొదలిడినచో అది పందెమే యగును. మందగాములు రెండు దినములు పట్టించినచో అది షికారు యగును. రెండును కాకుండ యాత్రను యాత్రగ నిలుపుటకు రెండు హద్దులు కావలసివచ్చెను. అత్యధిక వేగమును బట్టి కేంద్రము తెరచు వేళ, అత్యల్ప వేగమును బట్టి మూయు వేళ. దారినాయకుడు ముందు నిలిచి చేయుచుండిన పనిని ఇక గడియారము రెండు వైపుల నిలిచి చేయసాగెను.

1931లో పారిస్–బ్రెస్ట్–పారిస్ మరల జరిగినప్పుడు ఈ లోకములన్నియు ఒకే మార్గము మీద కలిసినవి. ముందు వృత్తివీరులు, వారిలో ఆస్ట్రేలియా నుండి వచ్చిన హ్యూబర్ట్ ఆపర్‌మన్ 49 గంటల 23 నిమిషములలో, చివరి పరుగున ప్రత్యర్థులను మించి, విజయము నందెను. వేరొక వైపున గుంపుగ సాగు ఆడాక్స్ పక్షము. మరియొక వైపున పాతసంఘమువారి స్వేచ్ఛాయాత్రికులు; వీరికిచ్చిన గడువు 96 గంటలు. ఆపర్‌మన్ ముగించిన వేళకు వీరిలో చాలమందికి సగము దూరముకంటె కొంత ఎక్కువ మాత్రమే ముగిసియుండును. ఆ స్వేచ్ఛాయాత్రికులలో స్త్రీలును ఉండిరి. దెగ్రాంజ్‌తో తగవు పడి పదేండ్లు నిండిన సంఘము, ఆయన పత్రిక నడుపు పందెపు మార్గముననే తన యాత్రను నడపి చూపుట ఆనాటి సైకిలు లోకమున చిన్న సంగతి కాదు. తరువాతి దశాబ్దములలో ఆ 96 గంటలు 90కి తగ్గినవి. నేటికిని అదియే పరమావధి.

1921లో నాటిన విత్తనము ఏ వృక్షమైనదో తెలియుటకు ఇప్పుడమలులోనున్న లెక్కను ఒకపరి చూడవలెను. మొదటి 600 కిలోమీటర్ల వరకు మూయు వేళ గంటకు 15 కిలోమీటర్ల లెక్కన కట్టుదురు. నిద్ర, భోజనము, పంక్చరు, వాన, దారి తప్పుట సర్వమును అందులోనిదే. యాత్రికుడు ఆగినను గడియారమాగదు. ఆ లెక్కన 300 కిలోమీటర్లకు 20 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు. 200 కిలోమీటర్లకు లెక్క ప్రకారము 13 గంటల 20 నిమిషములు రాగా నియమము 13 గంటల 30 నిమిషములిచ్చుచున్నది. 400 కిలోమీటర్లకు 26 గంటల 40 నిమిషములకు బదులు 27 గంటలు.

600 దాటిన పిమ్మట నియమము మెత్తబడును. అచ్చటినుండి 1000 వరకు గంటకు 11.428 కిలోమీటర్లు చాలును. ఈ విచిత్రమైన అంకె ఎచ్చటనుండి వచ్చినది? 400 కిలోమీటర్లకు 35 గంటలని పెట్టుకొని భాగించి చూడుడు. అనగా మొదట నిర్ణయించినది వేగము కాదు, గంటలు. మూడవ రాత్రిలోనికి ప్రవేశించు మనుష్యునికి నిద్ర కావలెనని ఎరిగి, ఆ నిద్రను గంటలలో కలిపి, దాని నుండి వేగమును రాబట్టిరి. అందువలన 1000 కిలోమీటర్లకు 75 గంటలు, ఆపైన కొంత బిగించి 1200 కిలోమీటర్లకు 90 గంటలు. ఈ పట్టికను వట్టి గణితమనుకొనువారు ఆ 11.428 వద్ద ఒక క్షణము నిలిచినచో, దీనిని వ్రాసినవారు తామును ఆ రాత్రులను గడపినవారని గ్రహింపగలరు.

తెరచు వేళలను మొదటి 200 కిలోమీటర్లకు గంటకు 34 చొప్పున, తరువాతి 200కు 32 చొప్పున, ఆపై 200కు 30 చొప్పున కట్టుదురు. కనుక 200వ కిలోమీటరు కేంద్రము 5 గంటల 53 నిమిషములకు, 600వ కిలోమీటరుది 18 గంటల 48 నిమిషములకు తెరచుకొనును. అంతకుముందు వచ్చినవాడు ఎంతటి ధీరుడైనను తలుపు వద్ద నిలువవలసినదే. ఈ యాత్రలలో ప్రథమ, ద్వితీయ స్థానములు లేవు. 13 గంటలు పట్టినవానికిని 7 గంటలు పట్టినవానికిని లభించు యోగ్యతాపత్రమొక్కటే.

ఇంతటి జాగ్రత్తతో కట్టిన లెక్కలో ఒక పగులు చిరకాలముండెను. బయలుదేరు స్థలము గంటసేపు తెరచియుండును. గంటలోపల వచ్చినవానిని యాత్రకు అనుమతింతురు. ఉదయము 6 గంటలకు యాత్ర మొదలై, 15వ కిలోమీటరు వద్ద ఒక కేంద్రమున్నదనుకొనుడు. గంటకు 15 లెక్కన అది 7 గంటలకు మూతపడవలెను. 6 గంటల 55 నిమిషములకు న్యాయముగ బయలుదేరినవాడు అయిదు నిమిషములలో 15 కిలోమీటర్లు పోవుట ఎట్లు? పదవ కిలోమీటరు వద్ద కేంద్రమున్నచో మరియు వింత: అది 6 గంటల 40 నిమిషములకే, అనగా బయలుదేరు స్థలముకంటె ముందుగనే, మూతపడును. 2018 నుండి దీనిని సవరించి, మొదటి 60 కిలోమీటర్లలోని కేంద్రములకు గంటకు 20 కిలోమీటర్ల చొప్పున లెక్కకట్టి దానికి ఒక గంట చేర్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇప్పుడు ఆ 15వ కిలోమీటరు కేంద్రము 7 గంటల 45 నిమిషముల వరకు తెరచియుండును. సరిగ 60వ కిలోమీటరు వద్ద పాతలెక్క నాలుగు గంటలు, కొత్తలెక్కయు నాలుగు గంటలే. రెండును అతుకు కనబడకుండ కలిసిపోవును. ఇంత చక్కని సవరణ చట్టసభలలో కూడ అరుదు.

నియమావళి అంతటిలో నాకు అత్యంత ప్రీతికరమైనది ఒక మినహాయింపు. మూసిన తరువాత కేంద్రమునకు వచ్చినవాని కార్డు సాధారణముగ చెల్లదు. కాని ఆలస్యమునకు కారణము వాని చేతిలో లేని ఆకస్మిక సంఘటన అయినచో, ఉదాహరణకు దారిలో ప్రమాదమున పడినవానికి సాయపడుటకై ఆగినచో, లేక మార్గము మూయబడినచో, నిర్వాహకుడు విచారించి వానిని ముందుకు సాగనీయవచ్చును. సైకిలును సరిగ చూచుకొనకపోవుట, అలసట, ఆకలి, తగిన అభ్యాసము లేకపోవుట మాత్రము కారణములుగ చెల్లవు. గాయపడినవానిని దాటి పోయి ముద్ర సంపాదించుకొనుట కంటె ఆగి ముద్ర పోగొట్టుకొనుట మేలని ఎవరైన చెప్పగలరు; ఆగినవాడు ముద్రను పోగొట్టుకొనకూడదని వ్రాతపూర్వకముగ నియమించుట వేరు. ఈ వాక్యము లేనిచో తక్కిన పట్టిక యంతయు నిర్దయమైన యంత్రమై యుండెడిది.

ఈ గడియారము నేడు మన నేలమీదను తిరుగుచున్నది. హైదరాబాదు రాండనర్ల, అనగా దూరయాత్రికుల, సంఘము నిర్వహించు యాత్రలలో కార్డుపైన అవే గంటలు, అవే హద్దులు. కేంద్రము వద్ద మనుష్యుడు లేనిచోట ఏటీఎం చీటీయో పెట్రోలు బంకు రసీదో సాక్ష్యముగ తీసికొందురు. దానిపై అచ్చయిన వేళయే ముద్ర. అర్ధరాత్రి దాబా ముందర సైకిలు ఆనించి, ఒకచేత టీ గ్లాసును, మరియొకచేత చెమటకు తడవకుండ ప్లాస్టిక్ సంచిలో దాచిన కార్డును పట్టుకొని, ఇంకెన్ని నిమిషములు మిగిలినవో లెక్కించుకొను యువకుని చూచినవారికి ఈ భాగమున చెప్పినదంతయు ప్రత్యక్షమగును. బ్రెస్ట్ ఉన్న బ్రిటనీ ప్రాంతపు చల్లగాలికిని మన చైత్ర వైశాఖముల వడగాలికిని ఒకే లెక్క ఏల అని అడుగువారు కలరు. ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. అయినను తెలంగాణపు దారిలో సంపాదించిన పత్రము పారిస్‌లో అదే విలువతో చెల్లుటకు ఈ ఏకత్వమే ఆధారము గనుక, ఎండకు తగినట్లు యాత్రాదినములను మార్చుకొనుటయే గాని లెక్కను మార్చుట తగదని నేను తలంతును.

రాబోవు భాగమున 1951వ సంవత్సరపు కథ చెప్పెదము. ఆ ఏడు పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో వృత్తివీరుల పందెము చివరిసారిగ జరిగెను. మోరిస్ దియో 38 గంటల 55 నిమిషములలో గెలిచెను. వృత్తివీరులు విడిచిపోయిన ఆ మార్గమును సామాన్యులు ఎట్లు తమ సొత్తుగ చేసికొనిరో, 1983లో వివిధ దేశముల సంఘములు కలిసి ప్రపంచ రాండనర్ల సమాఖ్యగ ఎట్లు ఏర్పడెనో, 80, 84, 90 గంటల గడువులలో దేనిని ఎన్నుకొనవలెనను ప్రశ్న యాత్రికుని నిద్రను, భోజనమును ఎట్లు శాసించునో అందు వివరింపబడును. పాఠకులలో ఎవరియొద్దనైన పాత యాత్రాకార్డులున్నచో వానిని పారవేయక భద్రపరుపవలసినదని ప్రార్థన. ఈ చరిత్రలో చాలభాగము ఆ చిన్న అట్టముక్కలమీదనే వ్రాసియున్నది.